తమ్ముడి పరుగులోంచి పుట్టిన ఆట

నేల అక్కడితో అయిపోతుంది. అవతల గుంత, ఆ గుంతలో చీకటి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని బాణం కీ ఒక్కసారి తడితే తెల్లబట్టల కుర్రాడు చిన్న అడుగు వేసి సరిగ్గా అంచు మీద ఆగుతాడు. మళ్లీ తడితే పాదం ముందుకు చాచి, కింద ఆనుకోవడానికి ఏమైనా ఉందా అని గాలిలో వెతికి, కాలు వెనక్కి తీసుకుంటాడు. మూడోసారి కూడా తడితే ఇక అడుగు వేసేస్తాడు. కింద ఇనుప ముళ్లుంటే అక్కడితో సరి.

1990లలో కంప్యూటర్ క్లాసుకు వెళ్లినవాళ్లలో చాలామంది తెలుగువాళ్లకు ఈ కుర్రాడు పరిచయమే. అప్పటి కంప్యూటర్లను నడిపించే డాస్, ప్రోగ్రాములు రాసే బేసిక్ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో క్లాసు అయ్యాక మిగిలిన పావుగంటలో ఆడుకోవడానికి ఒక డేవ్ ఆట, ఈ కుర్రాడి ప్రిన్స్ ఆట ఉండేవి. ఫ్లాపీల మీద చేతులు మారుతూ వచ్చిన కాపీలవి. డాస్‌లో ‘ప్రిన్స్’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి ‘మెగాహిట్’ అని టైపు చేస్తే లెవెళ్లు దాటించే దొంగ కిటుకులు (చీట్ కోడ్‌లు) పనిచేస్తాయన్న రహస్యం కూడా ఆ ఫ్లాపీలతో పాటే తిరిగేది. పోస్టర్ల మీద ఆ మాట చూస్తూ పెరిగిన మన పిల్లలకి దాన్ని గుర్తుపెట్టుకోవడం ఏమంత కష్టం కాలేదు.

ఆట పూర్తిపేరు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’. జోర్డన్ మెక్నర్ అనే అమెరికన్ కుర్రాడు దాదాపు ఒంటరిగా, నాలుగేళ్లు కూర్చుని, యాపిల్ టూ కంప్యూటర్ కోసం రాశాడు. 1989లో విడుదలైంది. ఇవాళ యాక్షన్-అడ్వెంచర్ అని పిలిచే ఆటల వంశంలో దీనికి పెద్ద పీటే వేస్తారు. అయితే ఎందుకు వేయాలి అనేది సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. కదలికలు బాగుంటాయి, మనిషి నిజంగా పరిగెత్తినట్టే ఉంటుంది అని మెచ్చుకుని ఊరుకుంటారు. అది నిజమే కానీ సగమే. మనిషి మనిషిలా కదలాలి అన్న ఆ ఒక్క పట్టుదలే ఈ ఆటలోని మిగతా అన్నింటినీ, అంటే భయాన్ని, నిదానాన్ని, గడియారాన్ని, చివరికి కథను కూడా నిర్ణయించింది. ఆ వరుస చూస్తే ఈ రకం ఆటలు ఎలా పనిచేస్తాయో కూడా తెలుస్తుంది.

ముందు వంశం సంగతి. 1970ల మధ్యలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ పెద్ద కంప్యూటర్ మీద ఒక గుహ ఆట రాశాడు. ఆయనకు గుహల్లో తిరగడం అలవాటు. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లో తిరిగిన అనుభవమే ఆ ఆటకు ఆధారం. బొమ్మలు లేవు, అన్నీ మాటలే. ‘ఉత్తరానికి వెళ్లు’, ‘దీపం తీసుకో’ అని టైపు చేస్తే, ఏం కనిపిస్తోందో తెర మీద అక్షరాల్లో వచ్చేది. డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశాడు. అడ్వెంచర్ ఆట అన్న పేరు ఆ ఆట నుంచే వచ్చింది. తీరిగ్గా ఆలోచించుకుంటూ ఆడే ఆట అది.

మరో పక్క ఆర్కేడ్ హాళ్లలో రూపాయికో ఆట లాంటి యంత్రాలు. అక్కడ ఆలోచించే తీరిక లేదు, చెయ్యే ముఖ్యం. ఈ రెండింటినీ కలిపే ప్రయత్నం అటారీ సంస్థలో వారెన్ రాబినెట్ చేశాడు. గుహ ఆటను టీవీకి తగిలించే కన్సోల్ మీదకి తేవాలనుకున్నాడు. అటారీ 2600లో రాసుకోవడానికి ఉన్న మెమరీ 128 బైట్లు మాత్రమే. తెలుగులో ఒక చిన్న వాక్యం టైపు చేస్తే నిండిపోయేంత. అందుకే 1980లో వచ్చిన ఆయన ‘అడ్వెంచర్’లో వీరుడు ఒక చిన్న చదరం. డ్రాగన్లు మాత్రం బాతుల్లా ఉంటాయి. అయినా అందులో తాళం చెవులున్నాయి, కోటలున్నాయి, వస్తువులు ఎత్తుకుపోయే గబ్బిలం ఉంది, వెంటపడే డ్రాగన్ నుంచి తప్పించుకుంటూనే దారి వెతుక్కోవాలి. చేతికీ బుర్రకీ ఒకేసారి పని పెట్టడం అక్కడ మొదలైంది.

1986లో జపాన్‌లో నింటెండో వాళ్ల ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ దీన్ని కన్సోల్ మీద ఒక పద్ధతికి తెచ్చింది. షిగెరు మియామోతో చిన్నప్పుడు క్యోటో దగ్గర పల్లెలో కొండలు, గుహలు పట్టుకు తిరిగిన సంబరాన్ని అందులో పెట్టాలనుకున్నాడు. జెల్డాలో దారులు తెరిచేవి వస్తువులు. కొవ్వొత్తి దొరికితే పొదలు కాల్చొచ్చు, బాంబు దొరికితే గోడ పగలగొట్టొచ్చు. నిన్న మూసుకుపోయిన చోటు ఇవాళ చేతిలోని సంచి వల్ల తెరుచుకుంటుంది. అమెరికాలో అమ్మిన కార్ట్రిడ్జ్‌లో, అంటే ఆట ఉండే డబ్బాలో, చిన్న బ్యాటరీ పెట్టి, ఆట ఎక్కడ ఆపామో అక్కడి నుంచే కొనసాగించే వీలు కల్పించారు. అందువల్ల ఆట రోజుల తరబడి సాగొచ్చు.

హోమ్ కంప్యూటర్ల మీద మెక్నర్ పట్టుకున్న దారి వేరు. అతని వీరుడికి సంచి లేదు. తెచ్చుకునే వస్తువు మొత్తం ఆటకి ఒక్క కత్తి. దారి తెరుచుకోవాలంటే ఒళ్లే ఆధారం. ఎంత దూరం దూకగలడు, ఎంత ఎత్తు అందుకోగలడు, ఎంత ఎత్తు నుంచి పడితే బతుకుతాడు అనేవే తాళం చెవులు.

ఆ ఒళ్లు ఎక్కడి నుంచి వచ్చింది? యేల్ యూనివర్సిటీలో చదువుతుండగానే మెక్నర్ ‘కరాటేకా’ అనే ఆట రాసి 1984లో బ్రోడర్‌బండ్ సంస్థ ద్వారా విడుదల చేశాడు. అందులోనే ఒక కిటుకు వాడాడు. తన కరాటే మాస్టారి కదలికలను ఫిల్ము తీసి, ఫ్రేము తర్వాత ఫ్రేము గీసుకుని, ఆ గీతల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. సినిమావాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్న పనే, దాన్ని రోటోస్కోపింగ్ అంటారు. 1985లో రెండో ఆటకి సిద్ధమైనప్పుడు వీడియో కెమెరా పట్టుకుని, హైస్కూల్లో చదువుతున్న తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు తొడిగి, ఒక పార్కింగ్ స్థలంలో పరిగెత్తించాడు. దూకించాడు, గోడ పట్టుకుని ఎక్కించాడు.

ఆ రోజుల్లో వీడియో టేపు నుంచి బొమ్మను యాపిల్ టూలోకి నేరుగా పంపే దారి లేదు. టేపును ఒక్కో ఫ్రేము దగ్గర ఆపి, టీవీ ఎదురుగా స్టిల్ కెమెరా పెట్టి ఫోటో తీశాడు. ప్రింట్లు వేయించి, వాటి మీద నల్ల మార్కరుతోనూ, తప్పులు దిద్దే తెల్ల రంగుతోనూ మనిషి ఆకారం తేలేటట్టు గీశాడు. ఆ కాగితాల్ని మళ్లీ కంప్యూటర్‌కి ఎక్కించి, ఒక్కో చుక్కా సరిచేశాడు. తెర మీద కుర్రాడి ఎత్తు వేలెడు కూడా ఉండదు. ఆ కాస్త ఆకారం కోసం ఇంత చాకిరీ. ఫలితం మాత్రం చూసినవాళ్లెవరూ మర్చిపోలేదు. పరుగు మొదలెట్టేటప్పుడు ఒళ్లు కాస్త ముందుకి వంగుతుంది, ఆగేటప్పుడు కాళ్లు జారినట్టై నిలదొక్కుకుంటాడు. అంచు పట్టుకుని వేలాడితే కాళ్లు ఊగుతాయి.

ఇక్కడే అసలు చిక్కు వచ్చిపడింది. నిజం మనిషి ఉన్నపళంగా ఆగలేడు, గాల్లో ఉండగా వెనక్కి తిరగలేడు. అప్పటికి ప్రపంచమంతా ఆడుతున్న మారియో ఆటలో వీరుడికి మాత్రం ఈ కట్టుబాట్లు చాలావరకు లేవు. బటన్ నొక్కిన మరుక్షణం కదలడం, గాల్లో కూడా దిశ మార్చుకోవడం మారియో ఆటకి ప్రాణం. మెక్నర్ కుర్రాడికి ఆ సౌకర్యం లేదు. పరిగెత్తుతుండగా దూకమంటే, కాలు సరైన భంగిమకి వచ్చాకే దూకుతాడు. దూకాడంటే ఇక ఆటగాడి చేతిలో ఏమీ లేదు, ఆ దూకుడు పూర్తి కావాల్సిందే. వెనక్కి తిరగడానికీ టైము పడుతుంది. తొలిసారి ఆడేవాళ్లు కీబోర్డు సరిగా పనిచేయట్లేదనుకుని విసుక్కునేది ఈ ఆలస్యం వల్లే.

ఒక పావుగంట ఆడాక ఆ విసుగు పోయి ఇంకొకటి అలవాటవుతుంది. ముందే ఆలోచించడం. కదలికను మధ్యలో దిద్దుకోలేం కాబట్టి కదలకముందే లెక్క చూసుకోవాలి. తెర ఆ లెక్కకి వీలుగానే ఉంటుంది. ఒక్కో గది నిలువుగా మూడు వరుసలు, అడ్డంగా పది గడులు. తెర పక్కకి జరగదు, గది దాటితే కొత్త గది మొత్తం ఒకేసారి కనబడుతుంది. ఎక్కడ గుంత, ఎక్కడ ముళ్లు, ఎక్కడ గేటు అన్నీ కళ్ల ముందే. చదరంగం బల్ల లాంటి గది అది, అందులో కదిలే పావుకి మాత్రం ఎముకలూ కండలూ ఉన్నాయి.

పడటానికి కూడా లెక్కుంది. ఒక వరుస కిందకి పడితే ఏమీ కాదు. రెండు వరుసలైతే ఒక ప్రాణం పోతుంది. మూడైతే చావే. మొదట్లో ఉండే ప్రాణాలు మూడు, తెర అడుగున చిన్న త్రికోణాలుగా కనిపిస్తాయి. ముళ్ల మీద పరిగెత్తితే గుచ్చుకుంటాయి, మెల్లగా నడిస్తే ఏమీ చేయవు. కొన్ని పలకలు కాలు పెట్టగానే ఊడి కింద పడతాయి. ఏవి ఊడతాయో కంటికి తెలియదు. కానీ ఉన్నచోటే పైకి ఎగిరి దిగితే ఆ వరుసలో ఊడిపోయే పలకలు గలగలలాడతాయి. ఈ సంగతి ఆట ఎక్కడా చెప్పదు. ఎవరో ఒకరు పొరపాటున ఎగిరి, ఆ చప్పుడు విని, పక్కవాడికి చెప్పాలి. మన ఇన్‌స్టిట్యూట్లలో జరిగింది కూడా అదే. ఒకడు కీబోర్డు ముందు, నలుగురు వాడి కుర్చీ వెనక, ఒక్కొక్కరిదీ ఒక్కో సలహా.

చేతి ఆట, బుర్ర ఆట ఎలా కలిసిపోతాయో చూడాలంటే మొదటి లెవెల్ చాలు. కుర్రాడు నేలమాళిగలో వచ్చి పడతాడు, వెనక గేటు మూసుకుంటుంది. ముందుకెళ్తే కత్తి పట్టుకున్న కాపలావాడు. కుర్రాడి చేతిలో ఏమీ లేదు, ఒక్క వేటుకి పోతాడు. దగ్గరికి వెళ్లిన ప్రతివాడూ ఒకసారి చచ్చి, ఇది చేతి వేగంతో తేలేది కాదని తెలుసుకుంటాడు. అప్పుడు వెనక్కి తిరిగి, కిందకి దిగి, గదులు వెతికితే ఒకచోట ఎముకల గూడు పక్కన కత్తి కనిపిస్తుంది. అది తీసుకున్నాక మళ్లీ అదే కాపలావాడి దగ్గరికి వస్తే, ఇందాక గోడలా నిలబడ్డవాడు ఇప్పుడు మామూలు ప్రత్యర్థి. కత్తి యుద్ధం చెయ్యి చేస్తుంది. ఆ యుద్ధం దాకా తెచ్చింది మాత్రం వెతుకులాట. ఈ రకం ఆటకి ఇంతకన్నా మంచి నిర్వచనం ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఇక గడియారం. కథ అరేబియన్ రాత్రుల బాణీ. సుల్తాను యుద్ధానికి వెళ్లాడు, మంత్రి జాఫర్ గద్దె మీద కన్నేశాడు, నన్ను పెళ్లాడతావా చస్తావా తేల్చుకో అని రాకుమారికి ఒక గంట గడువిచ్చాడు. జానపద సినిమాలు చూసినవాళ్లకి ఈ మంత్రి కొత్తవాడు కాదు. కథలో చెప్పిన ఆ గంట ఆటలోనూ నిజంగా గంటే. పన్నెండు లెవెళ్లు, అరవై నిమిషాలు. ఎన్నిసార్లు చచ్చినా ఫర్వాలేదు, లెవెల్ మొదటి నుంచి ఆడొచ్చు. పోయిన నిమిషాలు మాత్రం తిరిగి రావు.

ఈ ఏర్పాటు పైకి కనిపించేదానికన్నా చాలా తెలివైనది. ఆర్కేడ్ యంత్రాల్లో మూడు ప్రాణాలు అయిపోతే ఆట ముగుస్తుంది, మళ్లీ డబ్బులు వేయాలి. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి ఆ లెక్క అక్కర్లేదు. అలాగని చావుకి అసలు ఖరీదే లేకపోతే భయం ఉండదు. మెక్నర్ చావు ఖరీదును నిమిషాల్లో పెట్టాడు. తొందరపడితే పడి చస్తాం, చస్తే టైము పోతుంది. నిదానిస్తే బతుకుతాం, నిదానించినా టైము పోతుంది. బరువున్న ఒళ్లు నెమ్మదిగా నడవమంటుంది, గడియారం పరిగెత్తమంటుంది. ఈ రెండింటి మధ్య నలిగిపోవడమే ఆటలోని టెన్షన్ అంతా. దారులు తెలియని కొత్త ఆటగాడికి గంట చాలదు. దారులన్నీ తెలిసినవాడికి గంట బోలెడంత. అంటే ఆ గంట కొలిచేది వేళ్ల వేగాన్ని కాదు, కోట ఎంత బాగా తెలుసో దాన్ని. 1992లో సూపర్ నింటెండో కన్సోల్ మీదకి తెచ్చినప్పుడు లెవెళ్లు ఇరవై చేసి, గడువు రెండు గంటలు చేశారు. బొమ్మలు అందంగానే ఉన్నాయి. బిగువు మాత్రం అరవై నిమిషాలదే ఎక్కువ.

యుద్ధం సంగతి ఇంకా చిత్రమైనది. మెక్నర్ మొదట్లో ఈ ఆటలో కొట్లాటలే వద్దనుకున్నాడు. వద్దనుకోవడానికి మనసుతో పాటు మెషీను కూడా కారణమే. ఆ ఆటకి దొరికేది 128 కిలోబైట్ల మెమరీ. పొద్దున్నే ఫోన్‌కి వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ ఒక్కటే తరచూ అంతకంటే పెద్దది. తమ్ముడి కదలికల ఫ్రేములే ఆ చోటులో పెద్ద వాటా మింగేశాయి. రెండో మనిషిని పెట్టాలంటే అన్నే ఫ్రేములు మళ్లీ కావాలి. చోటు లేదు. కానీ ఆట చూసిన తోటి ఉద్యోగి టోమీ పియర్స్ ఊరుకోలేదు. ఎదుటివాడు లేని ఆటలో ఏదో లోటుందని, కొట్లాట పెట్టమని పట్టుబట్టింది.

అప్పుడు దొరికిన ఉపాయం ఇది. కొత్త మనిషికి చోటు లేకపోతే ఉన్న మనిషినే రెండోసారి గీయొచ్చు. కుర్రాడి బొమ్మను ఒక్క చుక్క పక్కకి జరిపి, దాన్నీ అసలు బొమ్మనీ కలిపి ఒక చిన్న లెక్క చేస్తే, రెండింటిలో ఒకేలా ఉన్న చుక్కలు ఆరిపోయి తేడా ఉన్నవి మాత్రమే వెలుగుతాయి. ప్రోగ్రామర్లు దీన్ని ఎక్స్-ఆర్ అంటారు. ప్రాసెసర్‌కి క్షణంలో పని, అదనంగా మెమరీ అక్కర్లేదు. తెర మీద కనిపించింది లోపల ఏమీ లేకుండా అంచులు మాత్రం మిణుకుమిణుకుమనే ఒక నీడ మనిషి. అచ్చం కుర్రాడిలాగే నడుస్తాడు, అతని లాగే దూకుతాడు.

మెమరీ లేక పుట్టిన ఈ నీడ ఆటలో అందరికన్నా బలమైన పాత్ర అయింది. నాలుగో లెవెల్లో బయటికి పోయే దారికి అడ్డంగా ఒక అద్దం వస్తుంది. వేరే దారి లేదు. పరిగెత్తుకుంటూ వచ్చి అద్దంలోకే దూకాలి. దూకిన క్షణాన అద్దంలోంచి నీడ రెండో వైపుకి దూకి పారిపోతుంది. కుర్రాడికి ఒక్క ప్రాణమే మిగులుతుంది. అయిదో లెవెల్లో ఎదురుగా ఉన్న, ప్రాణం పెంచే పెద్ద ఔషధం సీసాను నీడ ముందే వచ్చి తాగేస్తుంది. ఆరో లెవెల్ చివర గుంత దూకబోతుంటే అవతల నీడ వచ్చి పలక తొక్కి గేటు మూస్తుంది, కుర్రాడు కిందకి పడిపోతాడు. ఏడో లెవెల్ ఆ పడటంతోనే మొదలవుతుంది.

ఆ తర్వాత నీడ దాన్ని పుట్టించిన మెషీనుకి కూడా ఉపకారం చేసింది. ఎదుటి మనిషి ఉంటే ఆట ఎంత మారిపోతుందో కళ్లారా చూశాక, మెక్నర్ ఉన్న ప్రోగ్రామును పిండి పిండి చోటు మిగిల్చి, కాపలావాళ్లను పెట్టాడు. కత్తి తిప్పడం తమ్ముడికేం తెలుసు? అందుకని 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలో ఎరాల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్ కత్తి యుద్ధం చేసే సీను తీసుకున్నాడు. ఇద్దరూ కెమెరాకి సరిగ్గా పక్కగా నిలబడి పోరాడే కొన్ని సెకన్ల ముక్క అందులో దొరికింది. దాన్నే గీసుకున్నాడు. ఆటలో యుద్ధం ముందడుగు, వెనకడుగు, అడ్డుకోవడం, పొడవడం అనే నాలుగు మాటల మీద నడవడానికి కారణం ఆ ముక్కే.

అయినా యుద్ధంలో కూడా ఆలోచనే గెలుస్తుంది. మూడో లెవెల్లో లేచి నిలబడే అస్థిపంజరం కత్తికి చావదు. దాన్ని అంచుదాకా నెట్టుకుంటూ వెళ్లి కిందకి తోసేయాలి. పన్నెండో లెవెల్లో ఇంతకాలం దొంగాట ఆడిన నీడ కత్తి దూసి ఎదురుగా నిలబడుతుంది. కసి కొద్దీ పొడిస్తే నీడకి ఎంత తగిలిందో కుర్రాడికీ అంతే తగులుతుంది. నీడను చంపితే తనూ చస్తాడు. చేయాల్సింది కత్తి ఒరలో పెట్టడం. పెట్టగానే నీడ కూడా పెడుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి ఒకటైపోతారు. అక్కడి నుంచి ముందుకెళ్లే దారిలో నేల లేదు. ఉన్నట్టు అడుగు వేస్తే, పాదం కింద ఒక్కొక్క పలకే వచ్చి నిలబడుతుంది.

మొదటి లెవెల్ నుంచీ అంచు దగ్గర ఆగమనీ, పాదంతో తడిమి చూడమనీ నేర్పిన ఆట, చివర్లో ఖాళీలోకి అడుగు వేయమంటుంది. ఆ అడుగు వేయడానికి మనసు రాదు. ఒళ్లుకి బరువు లేని ఆటలో ఇదే సీను పెట్టినా ఎవరికీ ఏమీ అనిపించేది కాదు.

1989 నాటికి యాపిల్ టూ కంప్యూటర్ ముసలిదైపోయింది, కొనేవాళ్లు తగ్గారు. అందుకే ఆట మొదట్లో నత్తనడక నడిచింది. మరుసటి ఏడాది డాస్ మీదకి, జపాన్ కంప్యూటర్ల మీదకి, తర్వాత రకరకాల కన్సోళ్ల మీదకి వచ్చాకే పేరొచ్చింది. మనదాకా వచ్చింది ఆ డాస్ రూపమే.

దాని వారసుల్ని గుర్తుపట్టడం తేలిక. 1991లో ఫ్రాన్స్‌లో ఎరిక్ షాయీ చేసిన ‘అనదర్ వరల్డ్’ అదే బాటలో నడిచింది. 1996లో ఇంగ్లండ్‌లోని డర్బీ పట్నం నుంచి కోర్ డిజైన్ వాళ్లు తెచ్చిన ‘టూంబ్ రైడర్’ మూడు కొలతల ప్రపంచం. కానీ లోపల చూస్తే అదీ గడుల బల్లే. నిలబడి దూకితే ఆ ఆట నాయిక లారా క్రాఫ్ట్ ఒక గడి దాటుతుంది, పరిగెత్తి దూకితే రెండు, దూకి అంచు పట్టుకుంటే మూడు. అంచు దగ్గర నిలబడి, ఒక్క గంతు వెనక్కి వేసి, పరిగెత్తి దూకడం ఆ ఆట ఆడినవాళ్ల వేళ్లకి ఇప్పటికీ గుర్తుంటుంది. నడక బటన్ పట్టుకుంటే లారా అంచు దాటి పడదు. పీసీలో ఆ బటన్ కూడా షిఫ్టే. 2001లో ప్లేస్టేషన్ 2 కోసం ‘ఈకో’ చేసిన ఫుమితో ఉయెదా కూడా తన మీద ఈ ఆట ప్రభావం ఉందని చెప్పుకున్నాడు.

2003లో యూబీసాఫ్ట్ మాంట్రియల్ స్టూడియో మెక్నర్‌నే కథారచయితగా పెట్టుకుని ‘ది సాండ్స్ ఆఫ్ టైమ్’ చేసింది. అందులో కాలాన్ని వెనక్కి తిప్పే బాకు ఉంటుంది. దూకడం తప్పితే బాకు నొక్కి, కాసిని క్షణాలు వెనక్కి వెళ్లి మళ్లీ దూకొచ్చు. పాత ఆటలో టైము తిరిగి రాకపోవడమే ప్రాణం అనుకుంటే, ఈ కొత్తది దాన్ని సరిగ్గా తలకిందులు చేసింది. అయినా బాకులో ఇసుక కొంచెమే ఉంటుంది కాబట్టి లెక్క అక్కడా తప్పలేదు. ఆ వరుసలో ఇంకో ఆటగా మొదలైన పనే మారుతూ మారుతూ 2007లో ‘అసాసిన్స్ క్రీడ్’ అయింది.

అక్కడి నుంచి దారి మారింది. బటన్ పట్టుకుని గోడ వైపు నడిపిస్తే చాలు, వీరుడు తనంతట తానే ఎక్కుతాడు. ఎక్కడ పట్టుకోవాలో చాలా ఆటల్లో పసుపు రంగు పూసి చూపిస్తున్నారు. దీనివల్ల ఆట ఎక్కువమందికి అందింది. ఆటలంటే కొత్తవాళ్లు, వేళ్లు చురుగ్గా ఆడనివాళ్లు కూడా కథ చివరిదాకా చూడగలుగుతున్నారు, అది చిన్న సంగతి కాదు. పోయింది కూడా చెప్పుకోవాలి. వందడుగుల ఎత్తున వేలాడుతున్నవాడికి చేతులు జారతాయన్న భయం లేకపోతే ఆ ఎత్తు వెనకాల వేలాడదీసిన తెర మాత్రమే. పాత ఆటలో మూడు వరుసల ఎత్తుకే అరచేతులు తడిసేవి.

మన దేశానికీ ఈ వంశంతో చుట్టరికం ఉంది. ‘సాండ్స్ ఆఫ్ టైమ్’ను కొత్తగా చేసే పనిని 2020లో యూబీసాఫ్ట్ పుణె, ముంబై స్టూడియోలు చేపట్టినట్టు ప్రకటించారు. 2022లో ఆ పని మాంట్రియల్‌కి వెళ్లింది. అదే 2020లో పుణెకే చెందిన నాడింగ్ హెడ్స్ అనే చిన్న బృందం మన పురాణాల నేపథ్యంలో ‘రాజీ’ అనే యాక్షన్-అడ్వెంచర్ తెచ్చింది. స్తంభాలు ఎక్కుతూ, అంచులు పట్టుకుని వేలాడుతూ సాగే ఆ అమ్మాయిని చూస్తే పాత కోట కుర్రాడు గుర్తొస్తాడు. 2024లో యూబీసాఫ్ట్ వాళ్ల ‘ది లాస్ట్ క్రౌన్’ మళ్లీ పక్క నుంచి చూసే పాత పద్ధతికే వచ్చింది.

మొదటి ఆట తాలూకు అసలు ప్రోగ్రాము చాలాకాలం కనిపించకుండా పోయింది. 2012లో మెక్నర్ తండ్రి ఇంట్లో పాత సామాన్ల మధ్య ఒక పెట్టె దొరికింది. ఆ తండ్రే ఈ ఆటకి సంగీతం కట్టింది కూడా. పెట్టెలో యాపిల్ టూ డిస్కులు. అయస్కాంతపు ముద్రలు చెరిగిపోయి ఉండొచ్చన్న భయంతోనే, పాత మెషీన్ల మీద పట్టున్నవాళ్లని పిలిపించి వాటిని చదివించారు. చదవగలిగారు. ఎవరైనా చూసుకోవచ్చని ఆ ఏడాదే ఇంటర్నెట్‌లో పెట్టేశారు.

అందులో కుర్రాడి కదలికలన్నీ వరుసగా రాసి పెట్టిన ఫైలు ఒకటుంది. పరుగు, దూకుడు, వేలాడటం, పడటం, ఒక్కోదానికి ఒక్కో పేరు. అంచున పాదం చాచి తడిమే కదలికకి అక్కడ ‘టెస్ట్‌ఫుట్’ అని పేరు. షిఫ్ట్ పట్టుకుని వేసే జాగ్రత్త అడుగు ఆడేవాళ్లకి ఒక్కటే అడుగులా అనిపిస్తుంది. ఫైల్లో చూస్తే అది పద్నాలుగు అడుగులు. ఒక్కో గడి వెడల్పు పద్నాలుగు కొలతలు. కుర్రాడు అంచుకి ఎన్ని కొలతల దూరంలో ఉంటే అన్ని కొలతల అడుగు వేయాలి కాబట్టి ఒకటి నుంచి పద్నాలుగు దాకా ప్రతి దూరానికీ విడిగా ఒక అడుగు రాసి ఉంది. ఎక్కడ నిలబడి నొక్కినా పాదం సరిగ్గా అంచు మీదే ఆగింది అందుకే.